మౌంట్ కాని డిస్కు

ఆదివారం పొద్దున టిఫిను తిని, మధ్యాహ్నానికల్లా కంప్యూటర్‌లో లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించేయాలని అతావుల్లా అనుకున్నాడు. అతను గుంతకల్లు రైల్వే ఆఫీసులో గుమాస్తా. పాత సిస్టమ్‌కు వైరస్ పట్టి విసిగిస్తుంటే, పక్క సీటు భరత్ సీడీలు ఇచ్చాడు. భార్య ఆరీఫా ఒక్కటే చెప్పింది.

"రెండో డిస్కులో మా నాయన ఫోటోలుండాయి. అసలువి చెదలు తినేసినాయి. ఇవీ పోతే ఆయన మొగం నాకింక కనపడదు."

ఇన్‌స్టాల్ అయింది. రీబూట్ చేయగానే తెర మీద తెల్ల అక్షరాలు గబగబా వచ్చి ఆగిపోయాయి. రెండో డిస్కు మౌంట్ కాలేదట. అంటే, డిస్కు ఉన్నా సిస్టమ్‌కు అందడం లేదు. అతావుల్లా మళ్లీ రీబూట్ చేసినా అవే అక్షరాలు. ఆరీఫా మిద్దె మీద బట్టలు ఉతికి ఆరేస్తోంది. గొంతు తగ్గించి భరత్‌కు ఫోన్ చేశాడు.

"భరత్... హార్డు పోయినట్లుండాది. మౌంట్... ఇంక లేచేట్ల లేదప్పా."

వంటింట్లో ఉన్న తల్లి పీరాంబీకి చెవులు కాస్త మందం. ఆమెకు మూడే మాటలు అందాయి: భరత్, హార్టు, మౌత్. మౌత్ అంటే ఉర్దూలో చావు. ఆమె బయటికొచ్చేసరికి కొడుకు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు జరిగిందిరా?"

"ఇప్పుడేమా. పొద్దున బాగానే ఉండె."

"ఆరీఫాకు తెలుసునా?"

"చెప్పద్దు. తట్టుకోలేదు."

పీరాంబీ కళ్లు తుడుచుకుంటూ పక్కింటి హనుమక్క దగ్గరికి పోయింది. హనుమక్క ఎదురింటికి పోయి అదే ఆఫీసు హెడ్ క్లర్క్ తిమ్మన్నకు చెప్పింది. కాసేపటికే వసారా నిండిపోయింది. లోపల తెరకు అతుక్కుపోయిన అతావుల్లాకు ఆ సందడి చెవికెక్కలేదు.

"మొన్న సంతలో నా సంచి మోసుకొచ్చి ఇచ్చినాడు," అని హనుమక్క ఏడ్చింది.

"లీవడిగితే అరిచినా నేను," అన్నాడు తిమ్మన్న. జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు గానీ, లేపాక్షిలో ఉన్న భరత్ వాళ్ల నాయనకు ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఇట్లియ్యప్పా, నేను చెప్తా," అని పీరాంబీ ఫోన్ అందుకుంది. నంబరు నొక్కబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ సమయానికి, డిస్కు సంగతి చూద్దామని బయల్దేరిన భరత్ స్కూటర్ దిగి వచ్చాడు. తలలు వంచుకుని ఏడుస్తున్న మనుషుల్ని చూసి అతనికీ కళ్లు చెమ్మగిల్లాయి. చప్పుడు చేయకుండా చెప్పులు విడిచి, పీరాంబీ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరమ్మా పోయింది?"

పీరాంబీ కొంగు కళ్ల మీంచి తీయలేదు. "మన భరత్, నాయనా."

భరత్ కొంచెంసేపు ఆలోచించాడు. "నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

వసారాలో తలలన్నీ పైకి లేచాయి. పీరాంబీ కొంగు తీసి చూసింది. అతని రెండు చెంపలూ నిమిరింది, వేడిగా ఉన్నాయో లేవో చూసుకున్నట్టు. ఆ తర్వాత అతావుల్లాను బయటికి పిలిచి నిలదీస్తే గానీ మౌత్‌కూ మౌంట్‌కూ తేడా ఎవరికీ తెలియలేదు.

భరత్ లోపలికెళ్లి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఏ డిస్కును ఏ పేరుతో వెతకాలో రాసి ఉండే ఫైలు తెరిచాడు. రెండో డిస్కు పేరులో అతావుల్లా ఒక అక్షరం తప్పు కొట్టాడు. దిద్ది రీబూట్ చేశాడు. వేరుశనగ చేలో తలగుడ్డతో నవ్వుతున్న పెద్దాయన తెర మీదికొచ్చాడు. అప్పుడే మిద్దె దిగిన ఆరీఫా, తడి చేతిని చీరకు తుడుచుకుని ఆ మొగాన్ని మెల్లగా తాకింది.

"నేను పోతే ఇంతమంది వస్తారని తెలీదన్నా," అన్నాడు భరత్ అతావుల్లాతో, చిన్నగా.

బతికున్న పాపానికి ఆ మధ్యాహ్నం అతను పీరాంబీ ఇంట్లో ఒకసారి, హనుమక్క ఇంట్లో ఇంకోసారి అన్నం తినాల్సి వచ్చింది.