రెక్క తగిలితే రైట్, హోల్డాన్ అంటే నేరం!

విమానాలు నేలమీద ఒకదాన్నొకటి గుద్దుకుంటే మీరు ప్రమాదం అంటారు. నేను ప్రగతి అంటాను!

మీరే చెప్పండి, గుద్దుకోవాలంటే కనీసం రెండు విమానాలుండాలా వద్దా? రాజమండ్రి విమానాశ్రయానికి నేనెప్పుడు వెళ్ళినా ఒక్కటే కనపడుతుంది. పాపం, ఆ ఒంటరి విమానం ఎవరిని గుద్దుతుంది? అదే పెద్ద నగరాల్లో చూడండి, పెళ్ళిభోజనాల బంతిలో జనంలా మోచేతులు తగిలించుకుంటూ కూర్చుంటాయి. రెక్కకు రెక్క తగిలిందంటే ఆ ఊరు ఎదిగిందన్నమాట.

ఇంత చిన్న సంగతి రావులపాలెం మొత్తంమీద ఒక్కరికే అర్థం కాలేదు. ఆయన మా ఎదురింటి కుక్కుటేశ్వరరావు గారు.

ఆర్టీసీలో ముప్పయ్యొక్క ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారాయన. అంత సర్వీసులోనూ ఒక్క మెమో అందుకోలేదు. బస్సు రివర్సు తియ్యాలంటే దిగి వెనకాల నిలబడి, అరచేత్తో రేకు మీద తడుతూ "రానీ, రానీ, రానీ" అనేవారు. "హోల్డాన్!" అని ఒక్క దెబ్బ వేశారంటే డ్రైవరు బ్రేకు మీద నిలబడాల్సిందే. కాలవగట్టు మీద గడ్డి ట్రాక్టరు ఎదురైతే అంగుళం అంగుళం చూసుకుంటూ బస్సును దాటించేవారు. తన బస్సు వెనక ఒక్క గీత కూడా పడలేదని చెప్పుకునేటప్పుడు మాత్రం ఆయన కాస్త గర్వపడతారు. పడనివ్వండి, పింఛను కన్నా అదే ఆయనకు మిగిలిన ఆస్తి.

మొన్న వేసవిలో ఆయనా, భార్య జగదాంబ గారూ మేనకోడలి గృహప్రవేశానికి విమానమెక్కారు. ఏ నగరానికో చెప్పను. ఏ కంపెనీ విమానమో అసలు చెప్పను. జగదాంబ గారి వెంట వంద పూతరేకులున్న డబ్బా ఒకటి ఉంది.

విమానం లక్షణంగా దిగింది. గేటు వైపు నెమ్మదిగా పాకుతోంది. రెక్క వెనకాల కిటికీ సీటులో కూర్చున్న కుక్కుటేశ్వరరావు గారి కన్ను పాత అలవాటు కొద్దీ బయటికి పోయింది. అవతల ఇంకో విమానం ఆగి ఉంది. మనవాళ్ళ ఎడమ రెక్క తిన్నగా దాని తోక మీదికే పోతోంది!

"అమ్మా, ఎడం పక్క తగులుద్దండి" అన్నారు ఎయిర్ హోస్టెస్‌తో.

"సర్, సీట్ బెల్ట్ ప్లీజ్."

"పెట్టుకున్నానమ్మా. నా సంగతి కాదు, రెక్క సంగతి చెబుతున్నాను."

"కెప్టెన్ చూసుకుంటారు సర్."

"ఆయనకి ఎనకాల కనపడదు తల్లీ! ఏ డ్రైవరుకీ కనపడదు!"

బారెడు దూరం ఉంది. మూరెడైంది. జానెడైంది. బెత్తెడు! ఇక ఆ చెయ్యి ఆగలేదు. విమానం గోడ మీద ధన్‌మని ఒక్క దెబ్బ వేసి "హోల్డాన్!" అని అరిచారు.

విమానం నిండా మన జిల్లాల వాళ్ళే. ఆ మాట చెవిన పడేసరికి స్టేజీ వచ్చేసిందనుకుని సగం మంది సంచులు పట్టుకుని లేచి నిలబడ్డారు. తణుకు పెద్దాయన ఒకరు "కొంచెం తప్పుకోండి, దిగాలి" అంటూ ముందుకు కూడా నడిచారు.

అంతలో తగలనే తగిలింది.

ఇక లాభాలు చూసుకోండి! ముందుగా భాష బాగుపడింది. "చిన్నపాటి స్పర్శ జరిగింది" అని ప్రకటన వచ్చింది. ఎంత సుకుమారమైన మాట! మన లారీలవాళ్ళు దీన్నే ఎన్ని రకాలుగా చెబుతారో మీకు తెలుసు, ఆడపిల్లలు చదివే పత్రికలో నేను రాయలేను.

తరవాత, మూడు గంటలసేపు ఎవరినీ దిగనివ్వలేదు. ఈ రోజుల్లో కుటుంబమంతా మూడు గంటలు ఒక్కచోట కూర్చునేదెక్కడండీ? ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయాక తండ్రులు తమ పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో కనుక్కున్నారు. స్థలాల వ్యాపారి ఒకాయన మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా విజిటింగ్ కార్డులు పంచి, రెండు ప్లాట్లకు మాట కూడా తీసుకున్నాడు. కుదుపుకు పూతరేకులన్నీ పొడైపోతే జగదాంబ గారు ఆ పొడిని అందరి చేతుల్లోనూ పోశారు.

అన్నిటికన్నా గొప్ప సంగతి వినండి. అవతలి విమానం ఆఖరి కిటికీలో కూర్చున్నది ద్రాక్షారామం వరహాలక్ష్మి గారు! ఆవిడ జగదాంబ గారికి పెదనాన్న కూతురు. పేరంటానికి పిలవలేదని పదకొండేళ్ళుగా మాటల్లేవు. రెండు కిటికీ అద్దాల్లోంచి ఇద్దరూ ముందు మొహాలు తిప్పుకున్నారు, తరవాత చూసుకున్నారు, గంట గడిచేసరికి చేతులు తిప్పుతూ కోడళ్ళ సంగతులన్నీ చెప్పుకున్నారు. ట్రాక్టరు వచ్చి విమానాలను విడదీస్తుంటే ఇద్దరూ ఏడ్చారు. బంధువుల పంచాయితీలో తెగనిది ఒక్క రెక్క తెంపేసింది. ఇంకా దీన్ని ప్రమాదమనే అంటారా?

ఇంత మంచి కార్యంలో ఒక్కటే అపశ్రుతి. ఆ హోల్డాన్!

పదిహేను రోజులకు విమాన కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. కదులుతున్న విమానాన్ని కొట్టినందుకూ, కేకలు వేసినందుకూ, కూర్చున్నవాళ్ళను లేపినందుకూ ఆయన "అల్లరి ప్రయాణికుడు" అట! ఆ కాగితం పట్టుకుని కుక్కుటేశ్వరరావు గారు మా ఇంటికి వచ్చారు.

"నాకు మెమో వచ్చిందండి" అన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకే బాధేసింది, కానీ నేను ప్రగతి పక్షాన ఉన్నవాణ్ణి కాబట్టి కాఫీ ఇచ్చి ఊరుకున్నాను.

విచారణ మా ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లోనే జరిగింది. తెర మీద ముగ్గురు పెద్దలు. తప్పయిందని రాసి సంతకం పెడితే వదిలేస్తామన్నారు.

"పెట్టెయ్యండీ, పోయేదేముంది?" అన్నారు జగదాంబ గారు.

"పోయేదేముందంటావేంటి? అరవకపోతే తప్పు గానీ అరిస్తే తప్పేంటి?" అని ఆయన తెర వైపు తిరిగారు. "అయ్యా, రెక్క తగిలిందాండీ, లేదాండీ?"

"తగిలింది. అది వేరే ఫైలు."

"ఆయ్. మరి ఆ రోజు బండి ఎనకాల చూసే మనిషెవరండి?"

"రెక్కల పక్కన నడిచే మనిషి ఆ రోజు సెలవు."

"మరి నేనున్నాను కదండీ!"

"మీరు టికెట్టు కొనుక్కుని ఉన్నారు."

ఎంత గట్టి పాయింటు! డబ్బు కట్టినవాడికి చూసే హక్కుంటుంది గానీ చెప్పే హక్కెక్కడిది? ఆయన సంతకం పెట్టలేదు. మూడు నెలలు విమానం ఎక్కకూడదని తీర్పు వచ్చింది. దానికి తోడు, ఆ మూడు నెలలూ కదిలే ఏ వాహనానికీ ఎటువంటి సూచనా ఇవ్వరాదని ఒక షరతు, మీరితే ఇంకో మెమో అని ఒక హెచ్చరిక. ఇలాంటి క్రమశిక్షణ ఉంటేనే దేశం ముందుకు పోతుందని నేను నలుగురిలోనూ మెచ్చుకున్నాను కూడా.

పోయిన ఆదివారం నేను కొత్త కారు కొన్నాను. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, బయటికి తీద్దామని రివర్సు గేరు వేశాను. మా ఇంటి వెనక పంటకాలవ ఉంది. అద్దంలో చూస్తే గట్టు మీద కుక్కుటేశ్వరరావు గారు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆయన ఉండగా మనకేంటి? ఆయన ఏమీ అనడం లేదంటే ఇంకా బోలెడు జాగా ఉందన్నమాటే కదా!

అలా అనుకుంటూ ఇంకొంచెం వెనక్కి తీశాను. ఇంకొంచెం. వెనక చక్రాలు రెండూ కాలవలోకి దిగిపోయాయి.

తలుపు తోసుకుని బయటపడి, బురదలో నిలబడి, వీధంతా వినపడేలా అరిచాను. "ఏంటండీ ఇది! అక్కడే ఉండి, కళ్ళారా చూస్తూ, ఒక్క మాట చెప్పకూడదాండీ!"

"బారెడప్పుడు చూశానండి" అన్నారాయన నెమ్మదిగా. "జానెడప్పుడూ చూశాను. బెత్తెడప్పుడూ చూశానండి. నాకింకా ఇరవయ్యారు రోజులున్నాయండి."

నన్ను పైకి లాగడానికి గట్టు దిగి వచ్చారు. అప్పుడు చూశాను ఆయన చేతులు. ఎడమ చేత్తో కుడి చెయ్యిని ఎంత గట్టిగా పట్టుకుని నిలబడ్డారో, మణికట్టు మీద నాలుగు వేళ్ళ అచ్చులూ ఎర్రగా తేలి ఉన్నాయి.