రణపాల ఎత్తు, బిడ్డ బరువు

నా భయమల్లా ఒకటే. ఎత్తుకున్న ప్రతిసారీ నా బిడ్డ సుచరిత నిన్నటికన్నా తేలికగా ఉంటుందేమోనని. ఈ భయం నిరాధారమని మా ఊరి శిశు సంరక్షణ సంఘం లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది.

మోత్కూరుకు అవతల మా ఊళ్లో పసిపిల్లలను తూచే కాంటా రెండేళ్ల కింద చెడిపోయింది. బాగు చేయించడం కన్నా తేలికైన మార్గాన్ని సంఘం అధ్యక్షులు పరశురాం గారు కనిపెట్టారు. ఇరవైఒక్కటి నాడు, బిడ్డను తొట్టెలలో వేసేటప్పుడు, ప్రతి బాలింతకూ ఒక రణపాల ఆకు ఇస్తారు. మట్టి మీద ఊరికే పడుకోబెడితే చాలు, ఆకు అంచుల నొక్కుల్లోంచి పిలకలు లేస్తాయి. బిడ్డతోపాటే మొక్కా పెరుగుతుంది కనుక, నెలకోసారి మొక్కను స్కేలుతో కొలిచి ఆ అంకెను బిడ్డ కార్డులో రాస్తారు.

ఫలితాలు అమోఘం. రణపాల పగిలిన పెంకులో కూడా బతుకుతుంది, దాన్ని మరిచిపోతే ఇంకా బాగా బతుకుతుంది. ఆ ఏడాది మా ఊళ్లో బక్క బిడ్డ అన్నదే లేకుండా పోయింది. పక్క ఊళ్ల వాళ్లు వచ్చి, మెచ్చుకొని, తలా నాలుగాకులు తుంచుకుపోయారు.

ఎనిమిదో నెలకు మా మొక్క పదహారు అంగుళాలు. సుచరితకు మాత్రం మెడ సరిగా నిలబడలేదు.

"కార్డు చూడు పిల్లా, ఫస్టున్నది" అన్నారు పరశురాం గారు.

"బిడ్డను చూడుండ్రి సార్. పాలు గుంజుతలేదు."

"తొమ్మిదో తరగతి గూడ పాస్ గాలే. కొలతలు నీకేం తెలుస్తయే?"

మా అత్త సుగుణమ్మ కుండీని, బిడ్డను మార్చి మార్చి చూసింది. "గా చెట్టుకు ఆకలైతదా? దీనికైతది. జర మోత్కూరు తీస్కపో" అని బస్సు కిరాయి చేతిలో పెట్టింది.

బస్సు దిగిన చోటే కూరగాయలమ్మే చెన్నయ్య వంకాయలు పక్కకు జరిపి, బిడ్డను కాంటాలో పడుకోబెట్టాడు. "ఐదు కిలోల రెండొందలు" అని, బేరం వచ్చినవాళ్లను వదిలేసి మాతోపాటు దవాఖాన దాకా నడిచాడు. డాక్టరమ్మ వెంటనే చేర్చుకుంది.

అదే వారం ఊళ్లో ఉత్తమ శిశువు బహుమతి మా కుండీకి వచ్చింది. శాలువా కప్పారు. "ఈ నిగనిగ చూస్తే చాలు, తల్లి పెంపకం ఎంత గొప్పదో తెలుస్తున్నది!" అని అధ్యక్షులు ప్రసంగించారు. తల్లీబిడ్డల గైర్హాజరుకు విచారం ప్రకటించారు. ఛాంపియన్‌కు లోటు రాకూడదని సభ్యులు పదకొండు మందీ వంతులేసుకొని నీళ్లు పోశారు. పది రోజుల్లో కాండం కుళ్లింది. సుచరిత కార్డులో "పరిస్థితి విషమం" అని రాసి, నన్ను ఓదార్చడానికి పరశురాం గారు దవాఖానకు వచ్చారు. బిడ్డ ఆరు వందల గ్రాములు పెరిగి, పాలు తాగి నవ్వుతోంది.

"కార్డుల గిట్ల లేదే" అని నొచ్చుకున్నారు.

పోతూ పోతూ శుభవార్త కూడా చెప్పారు. ఇప్పుడు ఫస్టు మా వెనక గల్లీ నిరోష కొడుకు రిత్విక్‌దట. మొక్క పంతొమ్మిది అంగుళాలు. "మస్తు బుద్ధిమంతుడు. మూడు దినాలాయె, ఏడుపే లేదు."

నిరోష ఫోను ఎత్తడం లేదు. మమ్మల్ని ఇంకా ఇంటికి పంపలేదు. మీలో ఎవరైనా అటు పోతుంటే, వెనక గల్లీలో మూడో ఇల్లు. గడప పక్కనే కుండీ ఉంటుంది, చాలా బాగుంటుంది. దాన్ని దాటి లోపలికి పోండి. పిల్లవాణ్ని ఒక్కసారి ఎత్తుకొని చూడండి.