అద్నాన్ ముత్తాత గారి జాగీరు

అడవిలో పుట్టిన మహనీయుల్ని గుర్తించే విషయంలో మా ప్రాంతం వెనకబడిందని, ఇక మీదట వెనకబడదని, 2008 ఆగస్టులో భద్రాచలంలోని మా డిగ్రీ కాలేజీ వేదిక మీద రామ్‌చందర్ గారు ప్రకటించారు. వారు అధికార పార్టీ డివిజన్ అధ్యక్షులు. వారు గుర్తించిన మహనీయుడు మా క్లాస్‌మేట్ అద్నాన్ ముత్తాత. అప్పటికి ఆ ముత్తాత పుట్టి ఆరు వారాలైంది. ఆయన పుట్టినప్పుడు నేను పక్క బెంచీలోనే ఉన్నాను.

జూలైలో హిస్టరీ లెక్చరర్ గారు మా మా కుటుంబ చరిత్రలు చెప్పమన్నారు. మా తాత మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరని నేను చెప్పాను. చర్ల అవతలి కోయగూడెం నుంచి వచ్చే బాలి, తన తాత బొజ్జయ్య పోడు కొట్టి నాలుగెకరాలు సాగులోకి తెచ్చాడని చెప్పింది. అద్నాన్ వంతు వచ్చింది. వాళ్ల నాన్న గులాం రసూల్ గారు బస్టాండు పక్కన గొడుగులు బాగుచేస్తారు. వాళ్ల తాతదీ అదే పని.

“తరతరాలుగా గొడుగులేనా?” అని ఖమ్మం నుంచి వచ్చిన జస్టిన్ నవ్వాడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా.

అద్నాన్ చెవులు ఎర్రబడ్డాయి. “అంతకు ముందు గట్ల కాదు,” అన్నాడు. “మా ముత్తాత మీర్ దిలావర్ ఖాన్. నవాబు గారికి వేట చూపించేటోడు. చర్ల అడవిల నవాబు మీదికి పులి దుంకితే ఈయనే కొట్టిండు. మూడొందల ఎకరాలు జాగీరిచ్చిండ్రు.”

“పులిని దేనితోటి కొట్టిండు?” అని బాలి అడిగింది.

అద్నాన్ కాసేపు ఆలోచించాడు. “గొడుగుతోటి.”

తుపాకీ అని ఉంటే అనుమానించేవాళ్లం. గొడుగు అనేసరికి అందరం నమ్మాం.

కథ కాలేజీ దాటి రామ్‌చందర్ గారి దాకా వెళ్లింది. మరుసటి ఏడు ఎన్నికలు. ఉన్న మహనీయులందర్నీ మిగతా పార్టీలు అప్పటికే పంచుకున్నాయి. వారు స్వయంగా కాలేజీకి వచ్చి అద్నాన్ భుజం మీద చెయ్యి వేశారు.

“ముత్తాత ఫోటో ఉన్నదా బేటా?”

“ఎనభై ఆరు వరదల కొట్టుకపోయింది సార్.”

“మంచిదే. మనమే గీపిద్దాం.”

గీయించారు. ఫ్లెక్సీలో దిలావర్ ఖాన్ గారికి గడ్డం తీసేస్తే అచ్చం రామ్‌చందర్ గారే. పెయింటర్‌కు వేరే మొహం ఎవరూ చూపించలేదట.

సభ ఘనంగా జరిగింది. ఆ వేటలో తమ తాత గారు కూడా పక్కనే నడిచారని రామ్‌చందర్ గారు గద్గద స్వరంతో చెప్పారు. తొంభై ఏళ్ల పెద్దాయన ఒకరు లేచి, ఆ గొడుగు ఆకుపచ్చదని, తాను చిన్నప్పుడు కళ్లారా చూశానని సాక్ష్యమిచ్చారు.

“ఆకుపచ్చదంటరా బెంజమిన్,” అని అద్నాన్ నా చెవిలో అన్నాడు. “నాకే తెల్వదు.”

గులాం రసూల్ గారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కిందికి దిగాక ఆయన కొడుకును పక్కకు తీసుకెళ్లారు.

“మా దాదా, నీ ముత్తాత పేరు మదార్ సాబ్ కదరా. ఆయనా గొడుగులే కుట్టిండు.”

“ఊకో అబ్బా, ఎవరన్నా వింటరు.”

తండ్రిని ఆ మాట అన్నందుకు ఆ వారమంతా వాడు సరిగా తినలేదు. కానీ కాలేజీలో లెక్చరర్లు కూడా వాణ్ని ఖాన్ గారూ అంటుంటే, కాదనడానికి నోరు రాలేదు.

నవంబరులో పోడు భూములకు పట్టాలిస్తామని చర్ల వైపు సర్వే మొదలైంది. బాలి పది రోజులు కాలేజీకి రాలేదు. పదకొండో రోజు వచ్చి నేరుగా అద్నాన్ ముందు నిలబడింది.

“మా నాలుగెకరాలకు పట్టా ఇయ్యరంట. మా గూడెం మొత్తం జాగీరు భూమంట.”

“ఎవరి జాగీరు?” అన్నాను నేను.

“ఇంకెవరిది, వీళ్ల ముత్తాతదే.” అద్నాన్ వైపు తిరిగింది. “మీ ముత్తాత మంచోడని చెప్పినవ్ గదా. మాకు వదిలేసినమని ఒక్క ముక్క రాసియ్యి. మీరు అంత భూమి ఏం జేస్కుంటరు?”

అద్నాన్ తల ఎత్తలేదు. “బాలీ, గట్లాంటోడు లేడు. నేనే పుట్టించిన.”

“పులి?”

“పులి గూడ.”

బాలి తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి తేలికయ్యేది. “అయితే పా,” అంది. “ఆ ముక్కే పోయి చెప్పు.”

ముగ్గురం రామ్‌చందర్ గారింటికి వెళ్లాం. వారు ముగ్గురికీ టీ తెప్పించారు. అంత పెద్ద నాయకుడు విద్యార్థుల మాట మధ్యలో అడ్డు తగలకుండా వినడం నేను చూడటం అదే మొదటిసారి. అద్నాన్ మొత్తం చెప్పేశాడు. జస్టిన్ నవ్వడం, క్లాసంతా నవ్వడం, తనకు సిగ్గేయడం, అన్నీ చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు.

రామ్‌చందర్ గారు సానుభూతిగా తలూపి, బీరువాలోంచి ఒక పాత స్టాంపు కాగితం తీశారు. నిజాం కాలం నాటిది. చర్ల అడవిలోని మూడొందల ఎకరాల జాగీరును మీర్ దిలావర్ ఖాన్ అనే ఆయన రామ్‌చందర్ గారి తాతకు అమ్మినట్టు అందులో ఉంది. కింద ఉర్దూలో సంతకం. అద్నాన్ కళ్లు తుడుచుకుని, వంగి, దాన్ని రెండుసార్లు చదివాడు.

“సార్, ఈయన పుట్టనే లేదు.”

“పుట్టనోడు సంతకమెట్ల పెడ్తడు బేటా?” అన్నారు వారు, ఎంతో ఓపికగా.

“మా తాత ఉన్నడు సార్,” అంది బాలి. “యాభై ఏండ్ల నుంచి ఆడనే దున్నుతుండు. ఇయ్యాల గూడ ఆడనే ఉన్నడు.”

రామ్‌చందర్ గారు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టారు. తాళం వేసి, ఆమె వైపు తిరిగి మర్యాదగా అడిగారు.

“ఉన్నడని కాగితమేమన్నా ఉన్నదా అమ్మా?”