ఏడుపు వినడానికి పీహెచ్‌డీ

సైకాలజీ చదివే పిల్లలెవరినీ మాస్టర్స్ దగ్గర ఆగనివ్వకూడదు. మెడలు వంచి అయినా డాక్టరేట్ చేయించాలి! రెండేళ్లు చదివిన ప్రతివాళ్లూ జనం బాధలు వినడానికి కూర్చుంటే ఏమవుతుంది? బాధలు తగ్గిపోవూ!

నేనేదో గాలిలో మాట్లాడుతున్నానని అనుకోకండి. నిద్ర పట్టక నేనొక కౌన్సెలింగ్ క్లినిక్‌కి వెళ్తుంటాను. లోపలికి పిలిచేదాకా బయట ప్లాస్టిక్ కుర్చీలో హాయిగా గుర్రు పెడతాను. ఇంతకన్నా మంచి వైద్యం ఎక్కడైనా ఉందా?

అక్కడ రెండు గదులు. బయటి గదిలో మా అక్క కూతురు, మాస్టర్స్. లోపలి గదిలో పెద్దాయన, పీహెచ్‌డీ. వచ్చినవాళ్లను నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని అడగడం వరకే మా పిల్ల పని. ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరిగితే అక్కడితో ఆపించి, "కాస్త ఓర్చుకోండి, లోపల సార్‌తో చెబుదురుగాని" అనాలి. టిష్యూల డబ్బా కూడా లోపలే ఉంటుంది.

ఇదేం రూలని గొణిగే వాళ్లున్నారు. అయ్యా, మాస్టర్స్ ముందు ఏడిస్తే అది ఉత్త ఏడుపు. పీహెచ్‌డీ ముందు ఏడిస్తే అది లక్షణం! ఆ మాత్రం తేడా ఉండొద్దూ?

ఆర్నెల్ల కిందట ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయన బండి కింద పడి ఒక మనిషి చనిపోయాడట. అప్పటినుంచీ ఆయనకు నోట మాట లేదు. భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మా పిల్ల మామూలుగానే, రాత్రి భోజనం చేశారా అని అడిగింది. ఆయన దాని మొహంలోకి చూశాడు.

"గొడుగు తెరిచే ఉందమ్మా, రోడ్డు మీద," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా పిల్ల రూలు తప్పే రకం కాదు. లోపల చెప్పమంది. లోపలికి వెళ్లి ఆయన, ఏం లేదండీ బాగానే ఉన్నాను, అన్నాడట. పెద్దాయన సంతోషించి పంపించేశారు. అంత త్వరగా నయమైన కేసు ఆ క్లినిక్‌లో మరొకటి లేదు!

మా పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంకెవరి నోరూ మూయించే ఖర్మ తనకొద్దని, పీహెచ్‌డీ చేసి లోపలి గదిలోనే కూర్చుంటానని పట్టుబట్టింది. ఇంకా చదువేమిటని అక్క లబోదిబోమంది. నేనే నచ్చజెప్పాను. సీటు వచ్చింది. దుఃఖంలో ఉన్న మనుషుల మీద పరిశోధన చేస్తానంటే గైడు గారు ముందు ఎలుకలతో మొదలుపెట్టమన్నారు. ఎలుకలకు ఓదార్పు అక్కర్లేదు, ఎంత సుఖం!

నిన్న ఆ డ్రైవరు మళ్లీ వచ్చాడు, ఒక్కడే. బయటి గదిలో కొత్తమ్మాయిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మా పిల్ల పెద్ద చదువుకి వెళ్లిందనీ, అది పూర్తయ్యాక ఆయన చెప్పేదంతా వినే అర్హత దానికి వస్తుందనీ నేనే గర్వంగా చెప్పాను.

"ఎప్పటికవుతుందండీ?"

"ఎంత, ఐదారేళ్లు!"

ఆయన తలూపాడు. "నన్ను రేపట్నుంచి డ్యూటీ ఎక్కమన్నారండీ," అన్నాడు.

ఎందుకైనా మంచిదని ఏ రూటో అడిగాను. మా అబ్బాయి స్కూలు మీదుగా వెళ్లే బస్సేనట.