చీపురుబండికి చిక్కని అన్సెల్మ్

శ్రీమద్ద్రాక్షావల్లీసహస్రపరివేష్టితంబై, గుట్ట వెనుక గుట్టయు, దాని వెనుక మరియొక గుట్టయు దక్క సమతలమన్నది మచ్చునకైనను లేని బొజోలే సీమయందు, ద్రాక్షకోతలకింక వారము దినములున్నవనగా, ఒకానొక సెప్టెంబరు శుక్రవారమున, అపరాహ్ణము నాలుగు గంటల పదునొకండు నిమిషములకు, ఏబదియెనిమిది కిలోమీటర్ల ధూళిని దేహమున దాల్చి, అరువదిమూడేండ్ల వయఃపరిపాకమును, పదునాలుగు కిలోల ఉక్కు సైకిలును, స్వేదసిక్తంబగు పసుపుపచ్చ బనియనును గలిగి, డంకర్క్ పురవాస్తవ్యుడును, ముప్పదియేడేండ్లు కాలువ లాకులు తెరచి మూసిన ధీరుడును నగు అన్సెల్మ్ వాండెవాల్, మోంరోజార్ కొండ పాదమున నిలిచి తల పైకెత్తి చూచెను. చూచి, వెంటనే దించుకొనెను.

ఆ మహానుభావుడు పుట్టి పెరిగిన సీమలో మిక్కిలి ఎత్తైన ప్రదేశము కాలువ మీది వంతెన. దానిని దినమునకు రెండు మారులు జయించిన గర్వముచేత, భార్య జోజియాన్ తనకొకటి, భర్తకొకటి కుదిర్చిన బ్యాటరీ సైకిళ్ళలో ఒకదానిని అతడు తృణీకరించియుండెను. "మోటారు పెట్టుకుని కొండెక్కడం కంటే లిఫ్టులో నిలబడి సైకిలు తొక్కడం నయం!" అని అతడు గర్జింపగా, "సరే, నీ కాళ్ళు, నీ ఇష్టం" అని ఆమె తన బ్యాటరీ సైకిలెక్కి పోయెను.

ఈ నాలుగు దినముల సైకిలు యాత్రకొక ఆచారము కలదు. బృందమునకు వెనుకగా, నొసట చీపురు కట్టుకొని, తెల్లని వ్యాను ఒకటి పాకుచు వచ్చును. తొక్కలేక కూలబడినవారిని ఊడ్చుకొని పోవుట దాని పని. అట్లు చీపురుబండిలో వచ్చినవారు ఆనాటి సాయంకాలము భోజనమునకు ముందు, అందరి నడుమ చీపురు పట్టుకొని ఫోటో దిగవలెను. గడచిన మూడు సాయంకాలములలో మూడు ఫోటోలు తీయబడెను. మూడింటను చీపురొక్కటే, ముఖమును ఒక్కటే.

మూడవ ఫోటో అయిన పిమ్మట, మేకపాల జున్ను కోయుచు జోజియాన్ తీర్పు చెప్పెను.

"అన్సెల్మ్, విను. రేపు కూడా ఆ బండెక్కావో, వచ్చే ఏడాది నుంచి మా గిలేన్ వాళ్ళ బస్సు యాత్రే. కూర్చోవడం, కిటికీలోంచి చూడడం, ఊరొస్తే దిగి బాత్రూముకెళ్ళి రావడం. అంతే."

"మీ అక్క దారి పొడుగునా పేక తీస్తుంది, జోజియాన్!"

"తీస్తుంది. నువ్వు ఓడిపోతావు కూడా."

ఆ వీరునికి సైకిలన్న ప్రాణము. అంతకంటె, ఇక నీవల్ల కాదని భార్య నోట వినుట ప్రాణాంతకము.

అసలు పరాజయకారణము కొండలు కావు. దినమునకు రెండు ద్రాక్షసారాయపు నేలమాళిగలు, ఒక్కొక్కదానిలో రుచి చూచుటకు ఆరు రకములు. తక్కినవారు నోటబోసుకొని, పుక్కిలించి, తల పంకించి, అందుకై యుంచిన తమ్మపడిగలో ఉమివేయుచుండిరి. బీరు త్రాగు సీమనుండి వచ్చిన అన్సెల్మ్ మాత్రము, ఇంటి ఇల్లాలు తన చేత పోసినదానిని ఆమె కండ్లయెదుటనే ఉమియుట కంటె మించిన అమర్యాద లేదని నమ్మి, పండ్రెండును గుటుక్కుమనిపించుచుండెను. సాయంకాలమునకు కొండలు తనపై పగబట్టినవని అతడు తలంచెను. బృందమున తక్కిన పదుగురకును సంగతి తెలిసియే యుండెను. చెప్పినవారు లేరు, ఫోటోలు బాగుగా వచ్చుచుండుటచేత.

ఈ నాలుగవనాటి ఉదయము జోజియానే ఆ గుట్టు చెప్పెను. కావున ఆ మధ్యాహ్నము, ఎనుబదేండ్ల మదాం తోయె నేలమాళిగలో, ఆనాటి మొదటి గ్రుక్క నోట నుంచుకొని, బుగ్గలుబ్బించి, ఒకవంక ఆ ముదుసలి చూపును, మరియొకవంక బస్సులో పేకముక్కలు పంచుచున్న గిలేన్ రూపమును మార్చి మార్చి తలంచి, కండ్లు మూసికొని, అన్సెల్మ్ ఉమిసెను. అది అతని బూటుపై బడెను.

"మొదటిసారా బాబూ?" అన్నది మదాం తోయె.

"ఔను మదాం. క్షమించండి."

"క్షమించడానికేముంది, కొంచెం ముందుకి వంగు. మా ఊరి పాదిరీ గారు రెండు గజాల నుంచి కొడతారు."

ఆరవ గ్రుక్క తొట్టి నడిబొడ్డున పడెను. కావుననే నాలుగు దినములలో మొదటిమారుగా, ఇప్పుడతనికి ఎదుటి కొండ ఒక్కటిగా కనబడెను.

"రెండు కిలోమీటర్లే, అన్సెల్మ్ గారూ," అన్నది దారి చూపు పిల్ల మాయెల్. "పైన ఊరి బోర్డు దాటితే అయిపోయినట్టే. కాలు మాత్రం కింద పెట్టకండి, ఈ వాలులో మళ్ళీ ఎక్కలేరు."

చీపురుబండి కిటికీనుండి తల బయటపెట్టి డ్రైవరు ఫిర్మాన్ పలికెను: "ఎక్కుతారా సార్? మీ సీటు ఎవరికీ ఇవ్వలేదు. దిండు కూడా వేశాను."

అంతట అన్సెల్మ్ పెడలుపై పాదము మోపి, దిక్కులు పిక్కటిల్లునట్లు పలికెను: "ఫిర్మాన్! ఉత్తర సముద్రాన్ని తలుపేసి ఆపినవాణ్ణి నేను! ముప్పై ఏడేళ్ళలో ఏ పడవా నన్ను తొందరపెట్టలేకపోయింది! నీ బండెంత, నీ చీపురెంత? దూరంగా రా!"

"దూరంగానే ఉన్నాను సార్. మీరే వెనక్కి జారుతున్నారు."

అటుపై జరిగిన ఘోరసంగ్రామమును ఏమని వర్ణింతుము! గొలుసు కిరకిరలాడెను; మోకాళ్ళు మొరపెట్టెను; నుదుటి చెమట కనుబొమలను గడచి కండ్లలో దుమికెను. సైకిలు ముందుకు పోవుచున్నదో నిలిచియున్నదో చూచువారికి తెలియకుండెను. రొట్టె చంకనబెట్టుకొని నడచుచున్న వృద్ధుడొకడు అతనిని సమీపించి, మర్యాదకై టోపీ యెత్తి పలుకరించి, దాటిపోయెను.

జోజియాన్ మాత్రము సర్రున పైకి పోవును, మగని చూచుటకై సర్రున క్రిందికి వచ్చును.

"ఇంకెన్ని మలుపులు?" అని అతడు రొప్పెను.

"రెండే."

"ఇందాకా రెండే అన్నావు!"

"అవి వేరు, ఇవి వేరు. తొక్కు."

అట్లు ఐదుమారులు పోయివచ్చెను. ఐదవమారు ఊరిబోర్డు కనుచూపుమేరలో, మిగిలినది నలుబది గజములనగా, ఆమె సైకిలు గుర్రుమని, చల్లబడెను. ఇరువదియైదు కిలోల ఇనుము. ఆమె కాలు నేలను తాకెను.

"అన్సెల్మ్! దీని బ్యాటరీ అయిపోయింది!"

అతని చేతులు బ్రేకులపైకి పోయెను.

"ఆగకు! ఆగావంటే మళ్ళీ ఎక్కలేవు. నా మీద ఒట్టు, పో!"

అతడు పోయెను. ఏడ్చుచు పోయెనో, చెమటయో, దూరమునుండి తెలియలేదు. నాలుగు గంటల నలుబదియైదు నిమిషములకు ముందుచక్రము మోంరోజార్ బోర్డును దాటెను. వెనుదిరిగి చూచునప్పటికి, ఫిర్మాన్ దిండు సవరించుచుండగా, జోజియాన్ చీపురుబండి యెక్కుచుండెను.

ఆ సాయంకాలము అందరి నడుమ చీపురు పట్టుకొని ఆమె నిలిచెను. అన్సెల్మ్ ప్రక్కకు వచ్చి, తేరిపార చూచెను.

"అలా కాదు, జోజియాన్. కుచ్చు పైకి పెట్టి పట్టుకో. కింద పెడితే ఊడుస్తున్నట్టు పడుతుంది."

"నీకేం, మూడు రోజుల అనుభవం." ఆమె చీపురు తిప్పి పట్టుకొనెను. "గిలేన్‌కి ఫోన్ చేశాను. పేకకి వేరే మనిషిని వెతుక్కోమన్నాను."

అతడు చీపురుపిడిపై ఆమె చేతి క్రింద తన చేతినుంచెను, ఫోటో తీయబడెను.

లోకులారా, వినుడు! ఇట్లు మోంరోజార్ కొండ, డంకర్క్ వీరునిచేత, ముప్పదినాలుగు నిమిషములలో, కాలు నేల మోపకయే జయింపబడెను. ఆ రొట్టె కొన్న వృద్ధుడు అప్పటికే ఇల్లు చేరి, సగము తినియుండెను.