టైగర్ కుంటు బదిలీ

టైగర్ దిగే చిన్న పీటను సోఫా ముందు నుంచి ఎవరు తీశారన్న గొడవ తేలకముందే, ఆ కుక్క కుంటును ఇంట్లో ఎవరి పేరుకు బదిలీ చేయాలో రాసుకోవడానికి వార్డు ఆఫీసు గుమాస్తా వచ్చాడు.

"నేను ముట్టుకోలేదు. కాళ్లు పెట్టుకోడానికి నానమ్మే లాక్కుంది," అంది తన్మయి.

"నేను లాక్కోవడమేంటే! దాన్ని అటకెక్కించింది మీ నాన్న," అంది నానమ్మ.

"పీటకి కాలమ్ లేదమ్మా. మనిషి పేరు చెప్పండి," అన్నాడు గుమాస్తా.

టైగర్ జానెడు కాళ్లు, బారెడు వీపు ఉన్న డాషండ్ కుక్క. పీట లేని సోఫా మీంచి దూకడంతో ముందు ఎడమకాలు బెణికింది. పొట్టికాళ్ల కుక్క మూడు రోజులకు మించి కుంటితే, ఆరు వారాలపాటు ఆ కుంటును ఇంటి మనిషి మోయాలి. ముందుకాలి కుంటు మనిషికి చేతిలోకి వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే కనుక ఎవరూ వాదించలేదు.

తన్మయి నాన్న ఫణిభూషణ్‌ది బ్యాంకు ఉద్యోగం, మినహాయింపు. తన్మయికి ఇంటర్ పరీక్షలు, మినహాయింపు. నానమ్మకు అరవై దాటాయి.

"ఈవిడేం చేస్తారు?"

కాఫీ గ్లాసు అందిస్తున్న భార్య వైపు చూసి, "సువర్చలా? ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే," అన్నాడు ఫణిభూషణ్.

"గురువారం నాకు డ్రైవింగ్ టెస్టు ఉంది. గేరు వేసేది ఎడం చేత్తోనే. నెలాఖరుకి ఎల్లెల్లార్ గడువు అయిపోతుంది," అంది సువర్చల. ఆమె నాలుగు నెలలుగా తెల్లారకముందే వంట ముగించి డ్రైవింగ్ నేర్చుకుంటోంది.

"లైసెన్సు వచ్చాక చెప్పుంటే ఏదైనా చూసేవాళ్లమమ్మా. రాకముందు ఖాళీ కిందే లెక్క."

సువర్చల పశువుల డాక్టరు చీటీ తీసి వరసగా చదివింది. మెట్లు ఎక్కకూడదు. బరువు మోయకూడదు. మెత్తటి పరుపు. గిన్నె మెడ ఎత్తులో ఉండాలి.

"నొప్పి నాకు రాస్తే ఇవన్నీ నాకే కదండీ?"

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. "నొప్పి ఒక్కటే బదిలీ అవుతుందమ్మా. విశ్రాంతి డాక్టరుగారు ఎవరి పేర రాస్తే వాళ్లదే."

ఆ నిబంధన చూపించమంది. చూపించాడు. అందులో ఒక అక్షరం తప్పుంటే పెన్సిలుతో దిద్ది ఇచ్చేసింది. అతను ముద్ర వేయగానే ఆమె ఎడమ చెయ్యి భుజం దగ్గర నుంచి వేలాడింది. టైగర్ నాలుగు కాళ్ల మీదా లేచి తోకాడించింది. విశ్రాంతిలో ఉంది కనుక తన్మయి దాన్ని రెండు చేతులా ఎత్తి పరుపు మీద పడుకోబెట్టింది.

భోజనాల దగ్గర సువర్చల ఒంటిచేత్తో వడ్డిస్తుంటే పులుసు టేబులు మీద ఒలికింది.

"రెండో చెయ్యి వెయ్యొచ్చుగా అమ్మాయ్!" అంది అత్తగారు.

ఫణిభూషణ్ గొంతు సవరించుకుని తన నిర్ణయం చెప్పాడు. "టెస్టు సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఎలాగూ ఆ చెయ్యి పనిచెయ్యట్లేదు కాబట్టి అమ్మ భుజం నొప్పీ, నా మెడ నొప్పీ కూడా దాని మీదే రాయించేద్దాం. కొత్తగా పోయేదేముంది?"

అందరూ సబబేనన్నారు. సువర్చల అటక మీంచి దించిన పీట మీద టైగర్ గిన్నె పెట్టి, మెడ ఎత్తుకు సరిపోయిందో లేదో వంగి చూసింది.

"ఆ ఫారంలో గడులు చాలవు. అదనపు కాగితాలు తెండి," అంది. "పరీక్షలయ్యాక తన్మయికీ మినహాయింపు పోతుంది కదా, మళ్లీ తిరగక్కర్లేకుండా, ఒకటి ఎక్కువే తెండి."