ఎక్స్‌ప్రెస్ అయిన మా ఊరి బస్సు

అప్‌గ్రేడ్ అనే మాట లేకపోయి ఉంటే మన దేశం ఎప్పుడో చెడిపోయేది!

నవ్వకండి. మా వంశంలో మొదటి బి.ఏ.ని నేనే కాబట్టి ఆ మాటకు అర్థం చెప్పే పూచీ నా మీద ఉంది. ఉన్నదాన్ని పై మెట్టు ఎక్కించడమే అప్‌గ్రేడ్. ఎక్కింది కిందివాళ్లకు అందకూడదు. అందితే ఇక ఎక్కినట్టెట్లా?

మా పత్తి వ్యాపారి సైకిలు నుంచి మోటారుసైకిలుకు అప్‌గ్రేడ్ అయ్యాడు. పాత స్నేహితులను ఇప్పుడు హారన్‌తోనే పలకరిస్తాడు. ఎంత హుందా!

ఇక మా బస్సు సంగతి. ఎమ్మిగనూరు నుంచి మా ఊరి మీదుగా ఆదోనికి పోయే ఆర్డినరీ. చెయ్యెత్తిన చోటల్లా ఆగేది, మేకపిల్లను కూడా ఎక్కించుకునేది. ఇదేం నాగరికత? మా ఊరి పెద్దమనిషి శేషప్ప చెప్పులరిగేలా తిరిగి దాన్ని ఎక్స్‌ప్రెస్ చేయించాడు.

మొదటిరోజు ఊరంతా రోడ్డెక్కి, డప్పులు కొట్టి, బస్సుకు దండ వేసి టెంకాయ కొట్టింది. డ్రైవర్ హారతి కళ్లకద్దుకున్నాడు. కండక్టర్ టెంకాయ చిప్ప అందుకున్నాడు. హులిగమ్మవ్వ ఆకుకూరల గంపతో మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"యాడికవ్వా? ఎక్స్‌ప్రెస్ ఇది. ఈడ స్టాపు లేదు."

"నిలబడే ఉంది గదప్పా!"

"అది పూజకు. రైట్!"

బస్సు పోయింది. ఎంత క్రమశిక్షణ!

ఎండ ముదరకముందే ఆదోని మార్కెట్టు చేరకపోతే అవ్వ పుంటికూర వాడిపోతుంది. వాడితే ఎవరూ కొనరు, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. నడక ఆరోగ్యానికి మంచిదని నేను నచ్చజెప్పాను.

"సదివినోడివి గదా, అప్‌గ్రేడంటే ఏందప్పా?" అంది.

"పైకి తీసుకుపోవడం అవ్వా."

"పైకి ఇప్పుడే వద్దులే నాయనా. ఆదోనికి తీసకపోతే సాలు."

మర్నాడు చూస్తే రోడ్డు పక్కన ఒక రాయి నిలబడి ఉంది. పసుపు, కుంకుమ, చుట్టూ వేపమండలు. పేరు దోవమ్మ అట. పెట్టింది అవ్వే.

ఎక్స్‌ప్రెస్ వచ్చింది, రాయిని చూసింది, ఆగింది! గ్రామదేవతకు దండం పెట్టకుండా పోయే ధైర్యం ఏ డ్రైవర్‌కుంది? అతను కళ్లు మూసి తెరిచేలోగా అవ్వ గంపతో సహా సీట్లో ఉంది. వెనకాలే సగం ఊరు.

"దిగవ్వా!"

"అమ్మ ముందర కసురుకుంటావా? నీ ఇష్టమప్పా. ముందుండేది ఘాటు రోడ్డు."

ఘాటూ లేదు, గీటూ లేదు. అయినా కండక్టర్ టికెట్టు చించాడు.

చూశారా! మనుషులు చెయ్యెత్తితే ఆగనిది, చేతుల్లేని రాయికి ఆగింది. ఇంతకంటే ఏం అభివృద్ధి కావాలి?

మొన్న శేషప్ప ఊరివాళ్లను మళ్లీ పోగుచేశాడు. "అమ్మవారు ఎండలో ఉండేది మనకు నామర్దా! ఊరి నడుమ గుడి కట్టి, గోపురం లేపి, దోవమ్మను అప్‌గ్రేడ్ చేస్తాం!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అవ్వ గంప దించి, రాయికి అడ్డంగా కూర్చుంది.

"వద్దప్పా, నీకు దండం పెడతా. మాకోసం రోడ్డు మీద నిలబడేది ఈమొకతే. పెద్దదాన్ని చేసినారంటే, ఈమె గూడా మాకాడ నిలబడదు."